టికెట్ లేని మొలకలు

మొదట ఆ చప్పుడు వినిపించేది. ఇనప బకెట్ అంచుకి పల్చటి లోహమేదో తగిలి టింగుమనేది. తరువాత కాసేపు ఏమీ ఉండేది కాదు, నీళ్ళు మట్టిలోకి దిగేటంత సేపు. మళ్ళీ టింగుమనేది. కాలువ అంచుల్లో మంచు గాజుపెంకుల్లా పేరుకునే ఫిబ్రవరి ఉదయాల్లో, స్టేషన్‌కి నడిచే దారిలో ఆ మట్టిగోడ పక్కకి రాగానే నా అడుగులు వాటంతట అవే నెమ్మదించేవి. రాత్రంతా రైల్లో పడుకుని వెళ్ళినవాళ్ళకి ఆ చప్పుడు తెలుసు. లోహపు తొడుగులో కూర్చోబెట్టిన టీ గ్లాసు అది. పెట్టె ఊగినప్పుడల్లా నిద్రలో కూడా వినిపిస్తూనే ఉంటుంది. కోళ్ళూ గొర్రెలూ తప్ప మరో చప్పుడు లేని ఆ వీధిలోకి అది ఏ రైలు దిగి వచ్చిందో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక రోజు మునివేళ్ళ మీద లేచి గోడ అవతలికి చూశాను.

నీలిరంగు రైల్వే కోటు వేసుకున్న ఒకామె మడి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. కోటు ఇత్తడి గుండీల్లో రెండు ఊడిపోయాయి. తలకి పూల రుమాలు, కాళ్ళకి రబ్బరు జోళ్ళు. బకెట్‌లోంచి టీ గ్లాసుతో నీళ్ళు ముంచి, పసిబిడ్డ నోట్లో పోసినట్టు ఇంకా ఏమీ మొలవని మడిలో ఒక్కో చోటే పోస్తోంది. బకెట్ మీద సన్నగా ఆవిరి లేస్తోంది.

“ఏం చూస్తున్నావ్ అమ్మాయ్? టీ కావాలా? చక్కెర ఒకటా, రెండా?” తల ఎత్తకుండానే అడిగింది.

“మట్టికి వేడినీళ్ళు పోస్తున్నారేంటి అక్కా?”

“వేడి కాదు, గోరువెచ్చన. ఈ చలిలో నిన్ను లేపి నెత్తిన చన్నీళ్ళు పోస్తే ఊరుకుంటావా? పైవాళ్ళకి నా మీద ఫిర్యాదు చెయ్యవూ?”

అలా పరిచయమైంది హోసియత్ అక్క. స్టేషన్‌లో టికెట్లు అమ్మేది నేనేనని తెలిశాక, “అయితే మనం ఒక ఇంటివాళ్ళమే” అంది. ఆ రోజు నుంచి గోడ మీద నాకోసం ఒక రొట్టె ముక్క గుడ్డలో చుట్టి పెట్టేది.

ఆమె పుట్టింది ఆ గోడల మధ్యే. పద్దెనిమిదో ఏట పక్క ఊరికి కోడలుగా వెళ్ళింది. పిల్లలు కలగలేదని రెండేళ్ళకి వాళ్ళు ఆమెని పెళ్ళి పెట్టెతో సహా తిరిగి పంపించేశారు. ఆ పెట్టె మీద పేర్చిన బొంతలు, ముడి కూడా విప్పనివి, మళ్ళీ తండ్రి ఇంటి గూట్లోకి ఎక్కాయి. తిరిగొచ్చిన కూతురున్న ఇంటికి వస్తే చుట్టాలు గొంతు తగ్గించి మాట్లాడతారు. తిట్లయితే భరించేదట. ఆ తగ్గిన గొంతుల్ని భరించలేక రైల్లో అటెండరు ఉద్యోగానికి వెళ్ళిపోయింది. తాష్కెంట్‌లో ఎక్కినవాళ్ళకి దుప్పట్లిచ్చి, బొగ్గు వేసి నీళ్ళు కాచి, టీ గ్లాసులు పంచి, మాస్కోలో దింపడం. మళ్ళీ అక్కడ ఎక్కినవాళ్ళని ఇక్కడ దింపడం. ముప్పై ఏళ్ళు అదే. గడ్డిమైదానాల మీద సూర్యుడు లేవడం, ఇసకలోకి దిగిపోవడం కిటికీలోంచి చూసింది. కానీ ఆ నేల మీద ఒక్కసారీ కాలు పెట్టలేదు. ఉద్యోగం అయిపోయాక హాస్టల్ గది తాళం తిరిగి ఇచ్చేసి, ఒక సంచీ, టీ గ్లాసు, నీలం కోటు తీసుకుని తండ్రి ఇంటికి వచ్చింది. తండ్రి అప్పటికి నెల రోజులుగా మంచంలో ఉన్నాడు. ఆకులు పండే వేళకి ఆయనా పోయాడు.

బతికుండగా ఆయన ఒక మాట అంటూ ఉండేవాడు. కాలువ అవతలి ముక్క నా కూతురిది అని. వీధిలో అందరూ విన్న మాటే. నాలుగు బొంతలు పక్కపక్కన పరిచినంత నేల. దానికి అటు గోడ, ఇటు కాలువ.

తమ్ముడు తుర్గూన్ చెడ్డవాడని నేను అనలేను. ట్రాక్టర్లు బాగుచేసే మనిషి, బిగించిన చోట బిగించినట్టే ఉంటాడు. తండ్రి పోయిన నలభయ్యో రోజు పలావు వడ్డించి, అందరి చేతులూ కడిగించాక, వీధి పెద్ద మమసోలి తాత ఎదుటే మాట తీశాడు.

“నాన్న మాట నేను కాదనను అక్కా. కానీ ఆయన మంచాన పడక ముందు నుంచీ అది బీడే. బీడు మీద ఎవరి మాటా చెల్లదు. మా ఇలియాస్‌కి పెళ్ళి చెయ్యాలి, వాడికో గది కట్టాలి. నువ్వు దాన్ని సాగు చేసుకుంటానంటే ఆ ముక్క నీదే. గది కూడా నేనే లేపిస్తా, నీకు. వసంతంలో ఖుబానీ పూలు రాలేలోగా క్యారెట్ మడి చూపించు. చూపించలేకపోతే అక్కడ వాడి పునాది తవ్వుతా. అప్పుడు ఏడవకూడదు.”

“క్యారెట్టే ఎందుకురా?”

“నాన్న అందులో వేసింది అదే కాబట్టి.”

మమసోలి తాత గడ్డం నిమురుకుని, “న్యాయంగానే ఉంది” అన్నాడు. ఆ రోజు అందరికీ న్యాయంగానే అనిపించింది. హోసియత్ అక్కకి కూడా. “నాకు పరీక్ష పెట్టాడు, బానే ఉంది. ఊరికే ఇచ్చేది ఎవరైనా మళ్ళీ ఊరికే లాక్కుంటారు” అని నాతో చెప్పింది.

ఆమెకి కావలసింది ఒక్క గది. దానికి ఒక్క కిటికీ. “నా బతుకులో నేను పడుకున్న మంచాలన్నీ తెల్లారితే ఇంకొకరివి అమ్మాయ్. ఇప్పుడు తమ్ముడి హాల్లో ఒక మూల పడుకుంటున్నా. పిల్లలు టీవీ కట్టేశాక పరుచుకోవాలి, వాళ్ళు లేవక ముందే చుట్టెయ్యాలి. ఎవరూ ఏమీ అనరు. అదే, ఎవరూ ఏమీ అనరు.” టీ గ్లాసుని కోటు అంచుతో తుడుస్తూ అంది. “గది వస్తే ఎండ ముఖం మీద పడేదాకా లేవను. చూస్తూ ఉండు.”

మా వైపు క్యారెట్‌ని రెండు రకాలుగా వేస్తారు. వసంతంలో వేసేది అందరూ వేస్తారు. చలికి ముందు వేసేది మాత్రం పాతకాలపు వాళ్ళ పని. నవంబరు చివర, తొలి మంచు పడేలోగా పసుపు క్యారెట్ విత్తనాన్ని ఇసకలో కలిపి వెదజల్లి, మీద ముళ్ళకంప ఈడుస్తారు. అది మొలకెత్తకూడదు, నిద్రపోవాలి. చలికాలపు తొంభై రోజులూ దాన్ని తొక్కుతాయి. అందుకే తొంభై తొక్కిన పంట అంటారు. అలా తొక్కించుకున్న విత్తనం అందరికంటే ముందు లేస్తుందని, ఎండాకాలం మొదటి పెళ్ళిళ్ళ పలావుకి ఆ తీపి వేరని చెప్పుకుంటారు. హోసియత్ అక్కకి ఆ పేరే నచ్చింది. “తొక్కించుకుని లేవడమా? అయితే నాకు కొత్త కాదు” అని నవ్విందట.

విత్తనం ఇచ్చింది తుర్గూన్ భార్య షరాఫత్. మంచి విత్తనమే ఇచ్చింది, అందులో అన్యాయం లేదు. గొర్రెల దొడ్లోంచి రెండు తట్టల ఎరువు కూడా ఇచ్చింది. ఎలా జల్లాలో చేత్తో చూపించింది. షరాఫత్ చేతులు ఎప్పుడూ పనిలో ఉండేవి, గోళ్ళ కింద పిండి ఎండిపోయి ఉండేది. పంతొమ్మిదేళ్ళకి ఆ ఇంటికి వచ్చి, అత్తగారి గదిలోనే తెర కట్టుకుని కాపురం చేసిన మనిషి. అత్తా మామా పోయేదాకా తలుపున్న గది ఎరగదు. ఆడపడుచుని “వదినా, వదినా” అని నోరారా పిలిచేది.

చిల్లా అనే నడి చలికాలపు గడ్డురోజులు దాటి, మడి మీద మంచు ఇంకా చివరి గుడ్డపీలికల్లా ఉండగానే, అక్కడక్కడా పచ్చగా మొలిచింది. సన్నటి, చీలికలు చీలికలుగా ఉన్న బూడిదపచ్చ ఆకు. ఎవరో ఊపిరి బిగబట్టి కత్తిరించిన లేసు లాంటిది. హోసియత్ అక్క ఆ రోజు స్టేషన్ దాకా నడిచొచ్చింది, టికెట్ల కిటికీలో తలపెట్టి, “వచ్చేశారు!” అంది. వరసలో ఉన్నవాళ్ళు ఏ రైలా అని పట్టాల వైపు చూశారు.

నేను వెళ్ళి చూశాను. నాకు అవి క్యారెట్ ఆకుల్లానే కనిపించాయి. బజార్లో కట్టలు కట్టి పెట్టినప్పుడు క్యారెట్‌కి ఉండే కుచ్చు అలాగే ఉంటుంది కదా. నాకు తెలిసింది అంతే. మాది వీధి అవతల మేడలో నాలుగో అంతస్తు, మా కిటికీలో ఉల్లిపాయ తప్ప ఏదీ మొలవలేదు.

వీధిలో ఆడవాళ్ళకి మాత్రం అది వేడుకైపోయింది. కాలువకి నీళ్ళకని వచ్చి, గోడకి ఆనుకుని నిలబడేవాళ్ళు.

“ఏం అటెండరమ్మా, నీ ప్రయాణికులు బాగున్నారా?”

“అందరూ నిద్రలేచారు. బాత్రూం దగ్గర క్యూ కట్టారు.”

“దుప్పట్లు ఇచ్చావా మరి?”

“దుప్పటికి వేరే చార్జీ. నువ్విస్తావా?”

నవ్వేవాళ్ళు. మాషా అల్లా, చెయ్యి మంచిది అనేవాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఆ చూపు నేను చూశాను గానీ, రైల్వే కోటు వేసుకుని మట్టిలో కూర్చున్న మనిషిని చూసి నవ్వు ఆపుకుంటున్నారనుకున్నాను.

మార్చి మొదట్లో కలుపు తియ్యడం మొదలుపెట్టింది. కొత్తగా ఇంకో మొలక వచ్చింది. ఆకు అని కూడా అనలేం, గడ్డి పోచల్లాంటివి, రెండేసి, నేల మీద ఎవరో సూదులు గుచ్చినట్టు మడి నిండా. ఆమె టీ చెంచాతో ఒక్కోదాన్ని వేరుతో సహా లేపి తట్టలో వేసేది. నడుం పట్టేస్తే లేచి, కాసేపు గోడ పట్టుకుని నిలబడి, మళ్ళీ కూర్చునేది.

“చూడు వీళ్ళని. దొంగల్లా గుంపుగా దూరారు. ముప్పై ఏళ్ళు టికెట్ లేనివాణ్ణి తలుపు దగ్గరే ముఖం చూసి పట్టుకున్నా. కోటు చూసి కాదు, మాట చూసి కాదు. ముఖం చూసి. వీళ్ళు నాకో లెక్కా?” ఉన్నట్టుండి వేళ్ళు నా ముక్కు దగ్గర పెట్టింది. “ఇదిగో, వాసన చూడు.”

మట్టివాసన. దాని వెనక సన్నగా, తియ్యగా ఇంకోటి.

“క్యారెట్!” అన్నాను.

“చూశావా! ఇంకా అరచేతంత లేవు, అప్పుడే నా వేళ్ళకి పట్టేసింది. రాత్రి రొట్టె తింటుంటే కూడా అదే వాసన. కడుక్కోబుద్ధి కాలేదు.”

అప్పుడే షరాఫత్ కాలువ దాటి వచ్చింది. కొంగు పట్టి, “ఆ గడ్డి పారెయ్యకు వదినా, ఇలా వెయ్యి. గొర్రె ఈనింది, పచ్చిమేతకి మొహం వాచిపోయి ఉంది” అంది. తట్ట మొత్తం తన కొంగులోకి వంపుకుంది. ఒక్క క్షణం ఆ పచ్చని కుప్పలోకి చూసింది. “నీ చేతిలో ఏదో ఉంది వదినా. మా మడి ఇంకా కళ్ళు తెరవలేదు, నీది అప్పుడే జడ వేసుకుంటోంది.”

“నువ్విచ్చిన విత్తనమే కదే మరదలా” అంది హోసియత్ అక్క, ముఖమంతా వెలుగుతో.

షరాఫత్ కొంగు బిగించుకుని వెళ్ళిపోయింది. ఆ తరువాత రోజూ వచ్చేది, రోజూ నిండిన కొంగుతో వెళ్ళేది. మార్చి చివర కొత్త సంవత్సరం పండగ, నవ్రూజ్, వచ్చేసరికి మడిలో గడ్డి పోచ ఒక్కటి లేదు. బూడిదపచ్చ లేసు ఒక్కటే గాలికి కదుల్తూ, నేల కనబడకుండా కమ్మేసింది.

నవ్రూజ్ దాటాక చలి ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది మా వైపు. మరిచిపోయిన వస్తువు కోసం వచ్చినట్టు వస్తుంది. ఖుబానీ పూలు విచ్చి ఉన్నాయి. మధ్యాహ్నానికే ఆకాశం తగరం రంగుకి తిరిగింది. సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే గోడ దగ్గర జనం కనిపించారు.

హోసియత్ అక్క పెళ్ళి బొంతలు మోసుకొస్తోంది. ఎర్ర మఖమల్‌ది, ఆకుపచ్చ పట్టుది, ఊదారంగు చారలది. వాళ్ళ అమ్మ కొత్త దూది ఏకించి, పెళ్ళికి ముందు చలికాలమంతా కూర్చుని కుట్టినవి. కట్టిన తాడు పంటితో విప్పింది. బొంత విదిలిస్తే లోపలి నుంచి నాఫ్తలీన్ వాసన, ముప్పై ఏళ్ళ గూటి చీకటి బయటికి వచ్చాయి. పుల్లలు పాతి, వాటి మీద బొంతలు కప్పుతోంది. ఎర్ర మఖమల్ అంచు బురదలో పడింది. గోడ దగ్గర ఎవరో “అయ్యో” అన్నారు.

“ఏంటి అయ్యో?” హోసియత్ అక్క చేతులు ఆపలేదు. “ఎవరి కోసం దాచను? ఇవాళే పెళ్ళికూతురు ముసుగేసుకుంటోంది, పాట పాడరేం?”

ఎవరూ పాడలేదు. షరాఫత్ కాలువ గట్టు మీద నిలబడి ఉంది. “వదినా, బొంతలొద్దు” అంది. గొంతు మామూలుగా లేదు. “వద్దు వదినా, పాడైపోతాయి. అవి అంత...”

“అవి అంత ఏంటే?”

షరాఫత్ నోరు తెరిచే ఉంది. మంచు ఒక్కో పలుకు రాలడం మొదలైంది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. అందులో ఒక మాట వచ్చి, గుమ్మం దాకా వచ్చి, చెప్పులు వేసుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

“చలి అంత లేదు అంటున్నా” అంది, ఇంటి వైపు తిరుగుతూ.

తెల్లవారి బొంతలు తీసి చూస్తే ఒక్క మొక్క వడలలేదు. చివర్ల చిన్నచిన్న ఊదాపువ్వులు కూడా వేశాయి. బొంతలు మాత్రం తడిసి, రంగులు ఒకదాన్లోకి ఒకటి కారి, గోడ మీద ఎండినా మళ్ళీ మఖమల్ కాలేదు.

ఖుబానీ రేకులు కాలువలో కొట్టుకుపోతున్న రోజున తుర్గూన్ మమసోలి తాతని తీసుకుని వచ్చాడు. ఆ రోజు నన్ను కూడా రమ్మంది అక్క. నీలం కోటు ఉతికి, ఊడిన గుండీలు కుట్టుకుంది. మడి పక్కన చాప పరిచి టీ పెట్టింది. ఇంట్లో ఉన్న మంచి గిన్నెలు షరాఫత్ ఇచ్చింది.

“చూడు తాతా” అంది హోసియత్ అక్క. అంతే అంది.

తాత చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన కళ్ళు సరిగా ఆనవు, మా వీధి చివర నుంచి కర్ర లేకుండా రాలేడు. మోకాళ్ళ మీద మెల్లిగా వంగి, ఒక ఆకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. నాలుక మీద పెట్టుకున్నాడు. పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

“బిడ్డా, ఇది షోతరా.”

“అంటే ఏ రకం?” ఆమె నవ్వుతూనే ఉంది.

“క్యారెట్ కాదు తల్లీ. చేదాకు. బీడు పడ్డ నేలలో, గొర్రెల ఎరువులో దానంతట అదే లేస్తుంది, మంచులోనే లేస్తుంది. అందుకే నీకు అంత తొందరగా వచ్చింది.”

హోసియత్ అక్క వంగి ఒకటి పీకింది. వేరు దారప్పోగంత ఉంది, పాలిపోయి ఉంది. ఇంకొకటి పీకింది. మడి మధ్యలోకి నడిచి అక్కడొకటి, చివరికి పోయి ఇంకొకటి. అన్నీ దారప్పోగులే. వాటిని చేతిలో పట్టుకుని నిలబడింది.

“మరి నేను జల్లింది ఏమైంది?”

తాత కర్రతో కాలువ గట్టు అంచుని తడిమాడు. మడికి బయట, చెంచా చేరని చోట, నాలుగైదు పోచలు మిగిలి ఉన్నాయి. రెండేసి సన్నటి గడ్డి పోచలు, వాటి మధ్య ఇప్పుడిప్పుడే చీలుతున్న ఒక్క చిట్టి ఆకు. ఒకటి తుంచి ఆమె అరచేతిలో పెట్టాడు. “నలుపు.”

నలిపింది. ముక్కు దగ్గరకి తీసుకుంది.

ఆ వాసన నాకూ వచ్చింది. మట్టివాసన వెనక సన్నగా, తియ్యగా. మార్చి నెలంతా ఆమె వేళ్ళకున్న వాసన.

తుర్గూన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అతనికి నిజంగా తెలియదు. అతని కళ్ళు ట్రాక్టరు కింద తప్ప నేల మీద ఉండవు. తాత గొంతు సవరించుకున్నాడు. “తుర్గూన్, చలికాలమంతా కష్టపడింది. మనిషి పని చెయ్యలేదని మాత్రం అనలేం. ఇంకో ఏడు గడువిస్తే...”

“ఇంకో ఏడు దాకా పెళ్ళి ఆపమంటావా తాతా? అవతలివాళ్ళు ఆగుతారా?”

తాత ఏదో అనబోయాడు. హోసియత్ అక్కే ఆపింది.

“వద్దు తాతా. టికెట్ లేదు. టికెట్ లేకపోతే దిగాల్సిందే. ఏడ్చినవాళ్ళని దింపా, చంటిబిడ్డల తల్లుల్ని దింపా, మంచులో దింపా. ఇప్పుడు నేనెలా కూర్చుంటా?”

అని, కాలువ అవతల నిలబడ్డ మరదలి వైపు తిరిగింది. షరాఫత్ టీ కెటిల్ రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆమె మీద ఆ పాత కొంగే ఉంది, పచ్చని మరకలతో.

“గొర్రె బాగా తిందా మరదలా?”

షరాఫత్ కెటిల్‌ని ఇంకాస్త దగ్గరకి లాక్కుంది.

“నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ క్యారెట్ మడిలో ఉన్నదానివి. రోజూ కొంగు పట్టావు. నీ ముక్కుకి రాలేదా ఆ వాసన?”

“నువ్వు అడగలేదు కదా వదినా” అంది షరాఫత్, నెమ్మదిగా. తరువాత కెటిల్ కింద పెట్టేసింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి గానీ గొంతులో లేవు. “అందరూ చూశారు. వీధిలో ఆడవాళ్ళంతా చూశారు. ఎవరు చెప్పారు? నేను ఒక్కదాన్నే చెప్పాలా? తెర కట్టుకుని కాపురం చేశా నేను. నా కోడలు కూడా చెయ్యాలా?”

గోడ అవతల ఎవరో బిందె ఎత్తుకుని వెళ్ళిపోయిన చప్పుడైంది. తరువాత ఇంకో బిందె. ఆ రోజంతా కాలువకి నీళ్ళకి ఎవరూ రాలేదు.

మమసోలి తాత లేచి, వెళ్తూ వెళ్తూ, ఏదో ఒకటి ఇవ్వాలి కాబట్టి అన్నట్టు, “దీన్ని పారెయ్యకు బిడ్డా. ఎండబెట్టు. మరిగించి తాగితే రక్తం శుభ్రపడుతుంది. చేదు గానీ మందు” అన్నాడు.

ఆమె పారెయ్యలేదు. ఆ సాయంత్రమే మడంతా పీకి, కట్టలు కట్టి, చూరుకి వేలాడదీసింది. మర్నాడు ఆ నేలలోకి గునపం దిగింది.

మా స్టేషన్‌లో ప్రయాణికులు సేదతీరే గదులకి ఒక మనిషి కావాలని నేనే చెప్పాను. దుప్పట్లు మార్చడం, నేల తుడవడం, తాళాలు ఇచ్చి పుచ్చుకోవడం. పడుకోవడానికి దుప్పట్లు దాచే అర ఇచ్చారు. దానికి తలుపుంది, కిటికీ లేదు. చూరు కింద ఎండిన కట్టలు సంచిలో పెట్టుకుని, టీ గ్లాసు కోటు జేబులో వేసుకుని వచ్చేసింది. తమ్ముడు ఆపాడు. “హాల్లో నీ చోటు నీకుంది అక్కా” అన్నాడు. “తెలుసురా. చుట్టేసే వచ్చా” అందట.

స్టేషన్‌లో ఆమె ఎవరితోనూ జోకులు వెయ్యలేదు. తలుపు తట్టిన ప్రతివాడి ముఖంలోకీ ఒకసారి చూసేది, వెంటనే చూపు తిప్పుకుని చేతిలోని కాగితాన్నే చూసేది. ముఖాలని ఆమె ఇక నమ్మడం మానేసిందని నాకనిపించింది.

శరత్కాలంలో ఇలియాస్ పెళ్ళయింది. కాలువ అవతల కొత్త గది, తెల్ల సున్నం, నీలం కిటికీ. వీధంతా వెళ్ళింది, నేనూ వెళ్ళాను. హోసియత్ అక్కని పిలవడానికి తుర్గూన్ స్వయంగా వచ్చాడు గానీ, ఆ రోజు గదులన్నీ నిండి ఉన్నాయని ఆమె కదల్లేదు. గదులు నిండలేదు. నేను వచ్చేస్తుంటే షరాఫత్ నా వెనక గుమ్మం దాకా వచ్చి, మూత పెట్టిన పలావు గిన్నె నా చేతిలో పెట్టింది. “వదినకి ఇవ్వు. చల్లారకముందే ఇవ్వు” అంది. ఇంకేమైనా చెప్పమంటుందేమోనని ఆగాను. ఆమె చెయ్యి గిన్నె మూత మీదే ఉండిపోయింది. తరువాత తీసేసింది.

హోసియత్ అక్క దుప్పట్ల అర ముందు బల్ల మీద కూర్చుని తింది. పలావు మీద పసుపు క్యారెట్ ముక్కలు మెరుస్తున్నాయి. మొదట మాంసం తింది, అన్నం తింది. క్యారెట్ ముక్కల్ని వేలితో గిన్నె అంచుకి నెట్టింది. కాసేపు వాటిని చూసి, తరువాత ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుంది, ఒక్కటి కూడా మిగల్చకుండా. ప్లాట్‌ఫారం మీద రైలొచ్చి ఆగింది, బయల్దేరింది. ఎవరి గ్లాసో ఎక్కడో మోగింది.

ఆ చలికాలం మొదట్లోనే ఆమె ఇంకో ఊరి స్టేషన్‌కి మారిపోయింది. నాకు సెలవు రోజు చూసుకుని వెళ్ళింది. పని మాటలు కాకుండా నాతో ఆమె ఆఖరిగా మాట్లాడింది ఆ పెళ్ళి రోజు సాయంత్రమే.

గిన్నె కడిగి తెచ్చింది. మా వైపు ఎవరి గిన్నెనీ ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఒక యాపిల్ అయినా, గుప్పెడు కిస్మిస్ అయినా వేసి ఇస్తారు. ఆమె లోపలికి వెళ్ళి సంచిలో వెతికి, ఎండి బూడిదరంగుకి తిరిగిన ఒక కట్ట తెచ్చింది. గిన్నెలో సర్ది, మీద మూత పెట్టి, నా చేతుల్లో ఉంచింది.

“షరాఫత్‌కి ఇవ్వు. మరిగించి తాగమను, రక్తం శుభ్రపడుతుందట. చేదని మాత్రం చెప్పకు. తనకి ముందునుంచీ తెలుసు.”